ప్రెసిడెంటుగారు కలశం కదపలేదు

ఈసారి సరస్వతీ పూజకు దేశంలోనే అతి ఎత్తయిన పుస్తకాల కొండను నిలబెట్టి చదువుల తల్లి రుణం తీర్చుకోబోతున్నట్టు పంచాయతీ ప్రెసిడెంటు డాక్టర్ అనంతకుమార్‌గారు ప్రకటించారు. మిగతా దేశంలోని పుస్తకాల కొండలను ఎవరు, ఎప్పుడు కొలిచారని ఊళ్లో ఎవరూ అడగలేదు. అంత పెద్దమనిషి చెప్పాక టేపు పట్టుకుని వెంటపడడం మర్యాద కాదు.

ఆ ఊరు బాగలూరు దాటి బేరిగై వైపు పోయే దారిలో ఉంటుంది. ఏ మాటైనా తెలుగులో ఒకసారి, తమిళంలో ఒకసారి, కన్నడంలో ఒకసారి చెబితేగానీ అక్కడ చెప్పినట్టు కాదు. కాబట్టి ఆటోకు మైకు కట్టి మూడు భాషల్లోనూ ప్రకటించారు. బస్టాపులో ఫ్లెక్సు కట్టారు. అందులో అమ్మవారు మూలన తపాలా బిళ్లంత ఉంది, ప్రెసిడెంటుగారు నిలువెత్తున ఉన్నారు. ఇద్దరిలో ఎవరు ఎవరికి మొక్కుతున్నారో తేల్చుకోవాలంటే కొంచెం దగ్గరికి పోవాలి.

పేరు ముందున్న 'డాక్టర్' ఆయన కష్టార్జితం. ఏదో ద్వీపంలోని విశ్వవిద్యాలయం వాళ్లు బెంగళూరుకు వచ్చి, ఒక హోటల్లో, మధ్యాహ్న భోజనంతో కలిపి, సమాజ సేవకుగాను ఇచ్చారు. ఆ ద్వీపం ఎక్కడుందో వెంట పోయిన వాళ్లెవరికీ తెలియదుగానీ బిర్యానీ మాత్రం గొప్పగా ఉందని అందరూ ఒకే మాటగా చెప్పారు. అప్పటి నుంచి ఊళ్లో జ్వరం వస్తే ఆయన దగ్గరికి పోరు గానీ, పిలవడం మాత్రం డాక్టరుగారనే పిలుస్తారు.

బస్టాపు పక్కన వెంకటరామప్పకు పూజాసామాను అంగడి ఉంది. బొరుగులు, పుట్నాలు, బూడిద గుమ్మడికాయలు, బాగలూరు తోటల నుంచి వచ్చే చేమంతులు ఆయన సరుకు. లోకంలో ఎవరేం చేసినా ఆయన ముందు అందులో సరుకెంత, గోతం ఎంత అని చూస్తాడు. గోతం బరువును సరుకు బరువుగా అమ్మేవాళ్ల మీద ఆయనకు కోపం లేదు, గౌరవమే ఉంది. అయితే కొనేటప్పుడు మాత్రం గోతం విప్పి చూస్తాడు. ఆయన జీవితంలో విప్పి చూడకుండా చేసిన బేరం ఒక్కటే. అదే ఈ కథ.

పూజకు ముందు రోజు పార్టీ కార్యకర్త తిలక్ బండి మీద వచ్చి అంగడి ముందర ఆగాడు. ప్రెసిడెంటుగారి ఫోను మోసేదీ, ఫ్లెక్సులు కట్టించేదీ, చప్పట్లు మొదలుపెట్టేదీ అతనే. ఆయన్ను తమిళంలో 'తలైవర్', అంటే నాయకుడు, అని పిలుస్తాడు.

"వెంకటరామన్నా, పూలు, అరటి పిలకలు, గుమ్మడికాయలు, బొరుగులు అంతా నీకే ఆర్డరు. తలైవర్ చెప్పేసినాడు."

"సంతోషమప్పా. తలైవర్ చల్లగా ఉండాల."

"ఉంటాడులే. అయితే మీ ఇంటి నుంచి కొండకు పుస్తకాలే రాలేదంట?"

"మా ఇంట్లో యాడుండాయప్పా పుస్తకాలు? మా ఆడమనిషి భజనల పుస్తకం ఒకటి, పోయినేడు పంచాంగం ఒకటి."

"నీ కూతురు చైత్ర సర్టిఫికెట్లు ఉండాయి కదా. నర్సింగుకు పోతాదంట కదా ఆ పిల్ల. అవి తీసుకొని రా. కొండ ఇంకా తలైవర్ నడుం దాకనే వచ్చినాది. ఫోటోలో బాగుండదు."

ఆర్డరు ఒక చేతిలో, సర్టిఫికెట్లు ఒక చేతిలో పెట్టి తూచితే ముల్లు ఎటు మొగ్గుతుందో వెంకటరామప్పకు తెలుసు. సాయంత్రం ఇంటికి పోయి బీరువా తెరిచాడు. చైత్ర అడ్డం నిలబడింది.

"నాయనా, అవి ఒరిజినల్స్. వచ్చే సోమవారం కృష్ణగిరిలో వెరిఫికేషన్. కావాలంటే జిరాక్సులు పెట్టు."

వంటింట్లో గుగ్గిళ్లకు శనగలు నానబోస్తున్న ఆయన భార్య జయలక్ష్మమ్మ అక్కడి నుంచే అంది. "అమ్మవారికి జిరాక్సు పెడితే అమ్మవారు జిరాక్సు వరమే ఇస్తాది."

"ఒక్క రాత్రి కదమ్మా," అన్నాడు వెంకటరామప్ప. "రేపు పెడతారు. ఎల్లుండి విజయదశమి. పొద్దున్నే కలశం కదిపితే ఎవురిది వాళ్లు తెచ్చుకుంటారు."

ఆ మాట నిజమే. పూజలో పెట్టిన పుస్తకాన్ని మర్నాడు కలశం కాస్త ఉత్తరంగా కదిపేదాకా ముట్టకూడదు, తెరవకూడదు. కలశం కూర్చోబెట్టిన చేతులే దాన్ని కదపాలి. చదవడానికి బద్ధకించే పిల్లలకు ఏడాదిలో ఆ ఒక్క రోజు శాస్త్రం తోడుంటుంది. ఆ శాస్త్రానికి ఎన్ని రోజులైనా సాగే గుణం ఉందని అప్పటికి ప్రెసిడెంటుగారికి తప్ప ఎవరికీ తెలియదు.

పూజ పంచాయతీ గ్రంథాలయంలో జరిగింది. గ్రంథాలయం కట్టి ఏడాదయింది. టైల్సు వేశారు, ఇనుప అరలు వచ్చాయి, గోడ మీద ప్రెసిడెంటుగారి పేరు చెక్కిన రాయి వచ్చింది. పుస్తకాలు మాత్రం దారిలో ఉన్నాయని ఏడాదిగా చెబుతున్నారు. ఇప్పుడు ఆ ఖాళీ అరల మధ్యన కొండ లేచింది. బడిపిల్లల పుస్తకాలు, పదో తరగతి గైడ్లు, సిమెంటు కంపెనీ డైరీలు, ముగ్గుల పుస్తకాలు, ఎవరో కట్టకట్టి తెచ్చిన పెళ్లిపత్రికలు, జయలక్ష్మమ్మ భజనలు, చైత్ర సర్టిఫికెట్ల ఫైలు అన్నీ అందులో ఉన్నాయి. పనిలో పనిగా ఆయుధ పూజ చేసినట్టూ ఉంటుందని పనిముట్లు కూడా పక్కనే పేర్చారు. వైర్‌మన్ కటింగ్ ప్లేయరు, నీళ్ల ట్యాంకు వాల్వు తిప్పే మాదప్ప పెద్ద తాళంచెవి కుంకుమ బొట్లు పెట్టుకుని కూర్చున్నాయి. అన్నిటికంటే పైన, బంగారు రంగు ఫ్రేములో ప్రెసిడెంటుగారి డాక్టరేటు. దాన్ని ఆయనే నిచ్చెన ఎక్కి పెట్టారు. కలశాన్ని కూడా ఆయనే కూర్చోబెట్టారు.

తర్వాత ఉపన్యాసం. "చదువు లేనిదే మనిషి లేడు. నేను చదువుకునే రోజుల్లో..." అన్నారు ప్రెసిడెంటుగారు. అక్కడ ఆగారు. తిలక్ చప్పట్లు మొదలుపెట్టాడు. ఆ రోజుల గురించి మిగతా వివరాలు ఇంకా అందవలసి ఉంది.

విజయదశమి పొద్దున్నే ఊరంతా స్నానాలు చేసి గ్రంథాలయం దగ్గరికి వచ్చింది. తలుపుకు తాళం వేసి ఉంది. మెట్ల మీద తిలక్ కూర్చుని ఉన్నాడు.

"తలైవర్ సంకల్పం చేసుకున్నాడు. ఈ ఏడు అఖండ పూజ. కలశం ఇప్పుడే కదలదు."

"అఖండం అంటే ఎన్ని దినాలప్పా?" అన్నాడు వెంకటరామప్ప.

"అఖండానికి దినాలుంటే అది అఖండం ఎట్లయితాదన్నా?"

జనం ఒకరి మొగం ఒకరు చూసుకుని, బొరుగులు మాత్రం పెట్టించుకుని ఇళ్లకు పోయారు. పిల్లలు సంతోషంగా పోయారు. వాళ్ల భక్తి చూసి పెద్దవాళ్లకు కళ్లు చెమర్చాయి.

మర్నాడు ఊళ్లో నీళ్లు రాలేదు. కదిరమ్మ అనే ముసలామె ఖాళీ బిందె చంకనేసుకుని పోయి వాల్వు దగ్గర నీడలో పడుకున్న మాదప్పను లేపింది.

"ఏమిరా మాదప్పా, నీళ్లు యాడ?"

"తాళంచెవి పూజలో ఉండాదమ్మా. కలశం కదిలితే నీళ్లు."

"అంతవరకు ఏం తాగాలరా?"

"తీర్థం ఇస్తా ఉండారు కదా ఆడ."

కదిరమ్మ అన్న మాట ఇక్కడ రాయతగింది కాదు. ఆ మాట ప్రెసిడెంటుగారి దాకా పోయింది. గంటలో ఆయన బావమరిది ట్యాంకరు వచ్చింది. అమ్మవారి పూజకు భంగం రాకుండా, ప్రజలకు దాహం కాకుండా, బావమరిదికి నష్టం రాకుండా నడపగల నాయకుడు జిల్లాలో ఇంకొకడు లేడని తిలక్ ఫోనులో పోస్టు పెట్టాడు. కరెంటు తీగ తెగిన వీధిలో వైర్‌మన్ కూడా చేతులు కట్టుకుని, ప్లేయరు పూజలో ఉందన్నాడు. పంచాయతీ ఆఫీసులో ఫిర్యాదుల పుస్తకం అడిగితే అదీ పూజలోనే ఉందన్నారు. ఊళ్లో ఫిర్యాదులు పూర్తిగా ఆగిపోయాయి.

 చైత్ర రోజూ పొద్దున లేచి బీరువా తెరిచి, ఖాళీ అర వైపు చూసి, మూసేది. ఆ శబ్దం వెంకటరామప్పకు అంగట్లో కూర్చున్నా వినిపించేది. ఆ పిల్ల మార్కులు కొండ నడుమ ఉన్నాయి, సోమవారం మీదికి వస్తోంది. తాళం పగలగొడదామంటే జయలక్ష్మమ్మ ఒప్పుకోలేదు. "కదపని పూజను కలబెడితే పిల్లకు సీటు వచ్చేది గూడా రాదు" అంది. ఇంక ఆయన నేరుగా ప్రెసిడెంటుగారి ఇంటికే పోయాడు.

ప్రెసిడెంటుగారు వరండాలో ఉయ్యాల మీద ఊగుతున్నారు.

"సామీ, పిల్ల సర్టిఫికెట్లు..."

"వెంకటరామప్పా, నీ కూతురు చదువు ఇప్పుడు యాడుంది?"

"కొండలో సామీ. నడుమ."

"కాదప్పా. అమ్మవారి ఒళ్లో ఉంది. ఒళ్లో నుంచి పిల్లను పెరుక్కుంటారా ఎవురన్నా?"

"సోమవారం కృష్ణగిరిలో వెరిఫికేషన్ సామీ."

"సాక్షాత్తు సరస్వతే వెరిఫై చేస్తా ఉంటే కృష్ణగిరిలో గుమాస్తా యాల నీకు?"

వెంకటరామప్ప దండం పెట్టి మెట్లు దిగాడు.  చెప్పులు వేసుకుంటుండగా లోపలి నుంచి తిలక్ గొంతు వినిపించింది. ఫోనులో మాట్లాడుతున్నాడు. "ఆఫీసరు ఈ వారమే వస్తాడంట కదా సార్? శుక్రవారమా? రానీండి. స్టాకు ఫుల్లుగా ఉండాది. వచ్చి లెక్క ఎంచుకొని పోతానే పూజ ముగించేస్తాం."

వెంకటరామప్ప చెప్పు ఒకటే వేసుకుని అలాగే నిలబడిపోయాడు.

హోసూరు బజారులో ఒక పద్ధతి ఉంది. అప్పు ఇచ్చిన బ్యాంకు నుంచి అంగట్లో సరుకు చూడడానికి ఆఫీసరు వస్తున్నాడని తెలిస్తే, పక్క అంగడి మూటలు ఒక పూటకు ఈ అంగడికి వస్తాయి. ఆఫీసరు చూసి, కాఫీ తాగి, సంతకం పెట్టి పోతాడు. మూటలు వెనక్కి పోతాయి. మరోసారి ఈ అంగడి మూటలు ఆ అంగడికి పోతాయి. దాన్ని బజారులో మోసం అనరు, ఇరుగుపొరుగు అంటారు. సర్కారు డబ్బుతో పుస్తకాలు కొన్నామని చెప్పిన చోట పుస్తకాలు లేవు. ఎంచేవాడు వస్తున్నాడు. ఊరంతటి మూటలు ఒక్క అంగట్లో పేర్చి, పైన అమ్మవారిని కాపలా పెట్టారు.

వెంకటరామప్పకు కోపం రాలేదు. ముందు మెచ్చుకోలు వచ్చింది. నలభై ఏళ్ల వ్యాపారంలో ఇంత పెద్ద గోతాన్ని ఆయన చూడలేదు. ఆ తర్వాత ఆ గోతంలో తన కూతురుందని గుర్తొచ్చింది.

శుక్రవారం కృష్ణగిరి నుంచి ఆదిశేషయ్య అనే తనిఖీ ఆఫీసరు వచ్చాడు. నుదుట నామం, చేతిలో గొడుగు, మెడలో కళ్లద్దాల తాడు. ఊరంతా గ్రంథాలయం కిటికీలకు వేలాడింది. ఆఫీసరు ముందు అమ్మవారికి సాష్టాంగం చేసి, లేచి, కలశం వైపు చూపించి అన్నాడు.

"ఎంచాలంటే ముట్టాలి. ముట్టాలంటే ఇది కదపాలి. నేను ఆచారం తప్పేవాణ్ని కాదండీ."

ప్రెసిడెంటుగారు కలశాన్ని ఉత్తరంగా కదిపారు. అంత తేలిగ్గా కదిలే వస్తువు కోసం ఇన్ని రోజులు కాచుకున్నామా అని జనం ఆశ్చర్యపోయారు.

"ఈ పుస్తకాలన్నీ గ్రంథాలయానివేనా?"

"అన్నీ సార్."

"మరి ఒక్కదాని మీదా సీలు లేదే?"

ప్రెసిడెంటుగారు తిలక్ వైపు చూశారు. తిలక్ అమ్మవారి వైపు చూశాడు.

"పూజలో పెట్టి వేద్దామని ఆగినాం సార్," అన్నారు ప్రెసిడెంటుగారు. "పసుపు కుంకుమ పడకముందు సీలు వేస్తే బాగుండదని."

ఆదిశేషయ్య మొహం వికసించింది. "మంచి సంప్రదాయం. అయితే నా ఎదురుగానే వేయండి. సీలు పడినదే లెక్కకు వస్తుంది."

గ్రంథాలయం బాధ్యత సుధామణిది. బడిలో మధ్యాహ్న భోజనం చూసుకునే ఆమెకు దీన్ని అదనంగా తగిలించారు. పుస్తకాలు లేని గ్రంథాలయం కాబట్టి ఇన్నాళ్లూ ఆ పని ఆమెకు బరువనిపించలేదు. ఇప్పుడు బీరువాలో అట్టపెట్టె విప్పి కొత్త సీలు, కొత్త ఇంకు ప్యాడు తీసింది. తిలక్ పుస్తకాలు అందిస్తున్నాడు, ఆమె కొడుతోంది, ఆదిశేషయ్య నంబర్లు చెబుతున్నాడు. లెక్కల గైడు, ఠప్. ముగ్గుల పుస్తకం, ఠప్. పెళ్లిపత్రికల కట్టను ఆఫీసరు ఒక నిమిషం చూసి, "స్థానిక చరిత్ర" అన్నాడు. ఠప్.

చైత్ర ఫైలు తిలక్ చేతికి వచ్చింది. వెంకటరామప్ప కిటికీ ఊచల్లోంచి చెయ్యి చాపి అరిచాడు. "సార్, అది గ్రంథాలయానిది కాదు సార్! నా కూతురిది!"

ఆదిశేషయ్య కళ్లద్దాలు తీశాడు. "ప్రెసిడెంటుగారూ, అన్నీ గ్రంథాలయానివే అన్నారు. ఒకటి కాదంటే మళ్లీ మొదటి నుంచి అడగాల్సి వస్తుంది."

"మాది సార్," అన్నారు ప్రెసిడెంటుగారు. "అభిమానం ఎక్కువై అట్లంటా ఉండాడు. ఈ ఊళ్లో ప్రతి పుస్తకాన్నీ జనం సొంత బిడ్డ మాదిరి చూసుకుంటారు."

ఠప్. మొదటి పేజీలో ఉన్నది ప్లస్ టూ మార్కుల షీటు. దాని మీద నీలి రంగులో, గుండ్రంగా, 'పంచాయతీ గ్రంథాలయం' అని పడింది.

చివరికి డాక్టరేటు మిగిలింది. తిలక్ దాన్ని మెల్లగా పక్కకు జరపబోయాడు.

"అది?" అన్నాడు ఆదిశేషయ్య.

తిలక్ చేతులు వెనక్కి తీసుకున్నాడు. "ఇదీ గ్రంథాలయానిదేనా, కాదా?"

ప్రెసిడెంటుగారు ఫ్రేము వైపు చూశారు. ఆ హోటలు, ఆ శాలువా, ఆ బిర్యానీ అన్నీ ఆయన కళ్ల ముందు కదిలి ఉంటాయి. కాదంటే కొండంతా కదులుతుంది.

"అదీ... గ్రంథాలయానిదే సార్."

సుధామణి అద్దం మీద సీలు పడదని ఫ్రేము వెనక మేకులు ఊడదీసి, కాగితం బయటికి లాగి, బంగారు అక్షరాల కింద కొట్టింది. ఠప్. మిగతా వాటికంటే కొంచెం గట్టిగానే కొట్టినట్టు వినిపించింది గానీ అది హాలు ఖాళీగా ఉండడం వల్ల కావచ్చు.

ఆదిశేషయ్య సంతృప్తిగా సంతకం చేసి, పోతూ పోతూ చెప్పాడు. "ఇక ఇది ప్రభుత్వ ఆస్తి. సభ్యత్వం లేకుండా ఒక్క కాగితం బయటికి పోయినా బాధ్యులు మీరే."

మర్నాడు గ్రంథాలయం ముందర బస్టాపు దాకా క్యూ. ఎవరి పుస్తకం వాళ్లు ఇంటికి తీసుకుపోవాలంటే సభ్యులుగా చేరాలి. ఊరంతా చేరింది. మాదప్ప కూడా తన తాళంచెవి కోసం చేరబోతే సీలు లేదు గనక ఊరికే తీసుకుపొమ్మన్నారు. నీళ్లు వచ్చాయి. హోసూరు నుంచి విలేకరి వచ్చి క్యూను ఫోటో తీశాడు. "ఎండను లెక్కచేయని చదువరులు" అని మర్నాడు పేపర్లో పడింది. అందులో కదిరమ్మ కూడా ఉంది. ఆమెకు చదువు రాదు. మనవడి లెక్కల గైడు కోసం నిలబడింది.

వెంకటరామప్ప వంతు వచ్చింది.

"కార్డుకు రెండు పుస్తకాలు," అంది సుధామణి. "రెండు వారాలు గడువు. ఆలస్యమైతే జరిమానా."

"మా పిల్ల ఫైలు ఒకటి ఇయ్యమ్మా."

ఆమె ఇచ్చింది. "రెండోది? మీ ఆమె భజనల పుస్తకమా?"

వెంకటరామప్ప అరలన్నీ నిదానంగా చూశాడు. ఎదుటివాడి చేతిలో నీ సరుకు చిక్కినప్పుడు, నీ చేతిలో వాడి సరుకు ఒకటి ఉంటే మాట సాఫీగా సాగుతుంది. అది ఆయన తండ్రి నేర్పిన పాఠం. బడిలో చెప్పరు.

"అది, ఆ బంగారు ఫ్రేముది."

సుధామణి తలెత్తి చూసింది. "దీన్ని చదువుతావా?"

"చూస్తానమ్మా. నచ్చితే చదువుతా."

"అద్దం పగిలితే నీదే పూచీ," అని ఆమె తిరిగి ఇవ్వాల్సిన తేదీ వేసి ఇచ్చింది. ఆమె మొహంలో ఏమీ కనిపించలేదు. అన్నం వడ్డించేటప్పుడు కూడా అలాగే ఉంటుంది.

సోమవారం తండ్రీకూతుళ్లు కృష్ణగిరి పోయారు. వెరిఫికేషన్ గుమాస్తా మార్కుల షీటు తిప్పి తిప్పి చూశాడు.

"ఏందిమ్మా ఇది? గ్రంథాలయం పుస్తకాన్ని తెచ్చి నీ మార్కులంటావు?"

"నా పేరు ఉంది కద సార్ దాంట్లో," అంది చైత్ర.

"పుస్తకాల మీద రాసినవాళ్ల పేరు ఉంటాది. అంతమాత్రాన పుస్తకం వాళ్లదైపోతుందా? సీలు కొట్టినవాళ్లు ఇది మాది కాదని లెటరు ఇయ్యాల. బుధవారం దాకా టైము. తరువాత సీటు వెయిటింగులో ఉండేవాళ్లకు పోతాది."

చైత్ర బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది.  శూలగిరి దాటాక అంది. "నేను జిరాక్సు పెట్టమన్నాను, నాయనా."

"అన్నావమ్మా," అన్నాడు వెంకటరామప్ప. లెక్క తప్పినప్పుడు తప్పిందనడం తప్ప వేరే దారి లేదు.

మంగళవారం తిలక్ అంగడికి పరుగెత్తుకొచ్చాడు. దిష్టి గుమ్మడికాయల మధ్య కొక్కేనికి డాక్టరేటు వేలాడుతోంది.

"అన్నా! అది తలైవర్‌ది!"

"గ్రంథాలయానిదప్పా. సీలు చూడు. నాకు ఇంకా గడువుండాది."

"ఆదివారం హోసూరులో సన్మానం. 'ఆదర్శ గ్రంథాలయం' అవార్డు. డాక్టరేటు స్టేజీ మీద పెట్టాల!"

"సగం చదివినాను. మిగతాది చదివి ఇస్తా."

పావుగంటకు ప్రెసిడెంటుగారే వచ్చారు. ఉయ్యాల లేని చోట ఆయన్ను చూడడం వెంకటరామప్పకు అదే మొదలు. నిలబడే ఉన్నారు. అంగట్లో ఒకే స్టూలు ఉంది, దాని మీద పుట్నాల మూట ఉంది. వెంకటరామప్ప దాన్ని దించలేదు.

"ఏం కావాలప్పా నీకు?"

"లెటరు సామీ. మా పిల్ల సర్టిఫికెట్లు మా పిల్లవే అని."

"ఇస్తే స్టాకులో ఒకటి తక్కువైతాది."

"మీది తీసుకుంటే రెండు తక్కువైతాది. రెండు కొత్త పంచాంగాలు నేనిస్తా. లెక్క సరిపోతాది."

 రాజకీయాల్లోకి రాకుండా ఈ మనిషి గుమ్మడికాయలు ఎందుకు అమ్ముతున్నాడా అని ప్రెసిడెంటుగారికి అనిపించి ఉండాలి.

గ్రంథాలయంలో కూర్చుని లెటరు రాశారు. తిలక్ రాస్తే ప్రెసిడెంటుగారు దిద్దించారు. 'పొరపాటున సీలు పడినది' అన్న మాట ఆయనకు నచ్చలేదు. "ప్రెసిడెంటు పొరపాటు చేస్తాడా? మార్చు." 'అమ్మవారి అనుగ్రహం వల్ల సీలు పడినది' అని మార్చారు. సర్టిఫికెట్లు చైత్రవేననీ, గ్రంథాలయానికి హక్కు లేదనీ కింద ఉంది. సంతకం పెట్టారు. వెంకటరామప్ప ఆ కాగితాన్ని మడిచి లోపలి జేబులో పెట్టుకుని, డాక్టరేటును బల్ల మీద పెట్టాడు.

ప్రెసిడెంటుగారు చెయ్యి చాపారు. సుధామణి ఫ్రేము మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"దీనికీ లెటరు కావాలండీ. సీలు పడింది కదా."

"నాదేనమ్మా ఇది!"

"ఆ మాటే రాసి ఇయ్యండి. గ్రంథాలయం తరఫున ప్రెసిడెంటు, అనంతకుమార్‌గారికి రాస్తున్నట్టు. ఇట్ల వాపసు అడిగినారు, ఇచ్చినాము, అని."

"నాకు నేనే అర్జీ పెట్టుకుని, నాకు నేనే లెటరు రాసుకోవాలా? ఊరు నవ్వదా? వేరే దారి లేదా?"

"స్టాకు నుంచి తీసేసేదానికి పెట్టెలో ఇంకో స్టాంపు ఇచ్చినారు. అది కొడితే లెటరు అక్కర్లేదు."

"అదేదో కొట్టి పారెయ్ అయితే. టైం లేదు!"

సుధామణి మళ్లీ మేకులు ఊడదీసి, ఎర్ర ఇంకు ప్యాడు తెరిచి కొట్టింది. బంగారు అక్షరాల మీదుగా, ఈ చివర నుంచి ఆ చివరకు, 'క్యాన్సిల్డ్' అని ఇంగ్లీషులో పెద్దక్షరాలు పడ్డాయి. "కింద మీ సంతకం కూడా పెట్టాలండీ," అంది. తొందరలో ఉన్న ప్రెసిడెంటుగారు పెట్టేశారు. ఆయన ఎప్పుడూ పెట్టే సంతకమే, 'డాక్టర్' తో సహా.

బుధవారం కృష్ణగిరి గుమాస్తా లెటరు మొత్తం చదవలేదు. రబ్బరు స్టాంపు ఉందా అని చూశాడు. ఉంది. "అమ్మవారి అనుగ్రహం," అని గొణుక్కుని చైత్ర పేరు పక్కన టిక్కు పెట్టాడు. ఆ పిల్ల ఫైలును గుండెకు హత్తుకుని బయటికి వచ్చింది. ఊరికి వచ్చేదాకా తండ్రి చేతికి ఇవ్వలేదు. అడగడానికి ఆయనకూ మొహం లేదు.

ఆదివారం హోసూరు సన్మానం ఘనంగా జరిగింది. గ్రంథాలయంలో అరలన్నీ మళ్లీ ఖాళీ. రెండు పంచాంగాలు తప్ప ఒక్క పుస్తకం మిగలకుండా ప్రజలే ఇళ్లకు తీసుకుపోయి చదువుకుంటున్న గ్రంథాలయం రాష్ట్రంలోనే మరొకటి లేదని వక్తలు అన్నారు. వాళ్లు అన్నది అక్షరాలా నిజం. స్టేజీ మీద డాక్టరేటు ఎవరికీ సరిగా కనిపించలేదు. ముందు రోజు దాన్ని చూసుకున్న తిలక్ పరుగున వెంకటరామప్ప అంగడికి వచ్చి, ఉన్నవాటిలోకి లావైన చేమంతి దండ అడిగి తీసుకుపోయాడు.

ఇప్పుడు ఆ ఫ్రేము ప్రెసిడెంటుగారి వరండాలో, ఉయ్యాలకు ఎదురుగా ఉంది. పూలు వాడి జారితే ఎర్ర అక్షరాలు తొంగిచూస్తాయి. కాబట్టి రోజూ పొద్దున్నే కొత్త దండ పడాలి. ఆ ఆర్డరు వెంకటరామప్పదే. పండగలతో, పెళ్లిళ్లతో పనిలేని గిరాకీ. చైత్ర కాలేజీలో చేరిన రోజు కూడా ఆయన ముందు ఆ దండ వేసి వచ్చి, తరువాతే బస్సెక్కాడు.

మొన్న కల్లావి నుంచి ప్రెసిడెంటుగారికి పెళ్లిపత్రిక ఇవ్వడానికి ఒక పెద్దాయన వచ్చాడు. అప్పుడే వెంకటరామప్ప స్టూలెక్కి దండ సర్దుతున్నాడు. పెద్దాయన గోడ మీది ఫ్రేమునూ, 'అనంతకుమార్' అన్న అక్షరాలనూ, నిండా వేసిన పూలనూ చూశాడు. చెప్పులు విడిచాడు. తువ్వాలు భుజం మీది నుంచి తీసి చంకలో పెట్టుకున్నాడు.

"అయ్యో. ఎప్పుడు పోయినారప్పా?"

"పోలేదప్పా," అన్నాడు వెంకటరామప్ప దిగుతూ. "లోపల టిఫిన్ చేస్తా ఉండారు."

లోపలి నుంచి సాంబారు ఇంకొంచెం పోయమంటున్న గొంతు వినిపించింది. పెద్దాయన ఒకసారి తలుపు వైపు చూశాడు, ఒకసారి ఫ్రేము వైపు చూశాడు. ఎందుకైనా మంచిదని ఫ్రేముకే దండం పెట్టుకున్నాడు.